మూడూ పన్నెండుకి వచ్చిన పేరా

ఇరవై ఆరేళ్లు సుద్దముక్కతో బతికాను.
మేయిన్ ఉత్తరపు కొసన, కెనడా గాలి తగిలే కాలేజీలో
వ్యాసం అంటే ఏమిటో చెప్పడానికి
నాకు ఒక బల్ల, ఒక కిటికీ,
మూడో వరుసలో ఆవలించే కుర్రాడు చాలు.
వాడి ఆవలింత చూసి నా వాక్యం మార్చుకునేదాన్ని.

ఇప్పుడు నన్నే మళ్లీ బడిలో వేశారు.
ఆరు వారాల శిక్షణ. నేర్పేది వెండెల్,
మా పెద్దమ్మాయి కన్నా చిన్నవాడు.
అరవై ఒకటో ఏట ఓనమాలు:
ఇది మాడ్యూల్, ఇది చర్చావేదిక,
ఇక్కడ నొక్కితే కనబడతారు,
ఇక్కడ నొక్కితే మాయమవుతారు.
తప్పుచోట నొక్కి ఒక మంగళవారమంతా మాయమయ్యాను.

మొదటి అసైన్‌మెంట్ రెండు గంటలు ఆలస్యం,
మంచు తుపానుకి కరెంటు పోయి.
తిరిగొచ్చాక, కొవ్వొత్తి ఇంకా ఆర్పకముందే
ఎర్ర పెట్టె ఒకటి ఎదురొచ్చింది:
"గడువు ముగిసింది. సున్నా."
కారణం చెప్పుకుందామంటే పిల్లి తప్ప ఎవరూ లేరు.
ఎక్కడో చదివిన మాటే అనిపించింది.
ఇరవై ఆరేళ్లుగా మొదటిరోజు పిల్లలకి పంచే కాగితంలో
నేను రాసిన మాటే.

జనవరిలో పద్దెనిమిది మందిని అప్పగించారు.
పద్దెనిమిది నల్ల గళ్లు, గడికో పేరు.
చెవిటివాడి ముందు శంఖం నయం,
ఊదేవాడి బుగ్గలైనా చూస్తాడతను.

"ఇక్కడ మౌనం మౌనంలా ఉండదు లొరెటా,
మీరు లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది,"
అన్నాడు వెండెల్ ఒకసారి, శాండ్‌విచ్ నములుతూ.
నోట్సులో రాసుకున్నాను. నమ్మలేదు.

ఆల్టన్ పెల్కీ అని ఒకడు.
బంగాళదుంపల గోదాంలో రాత్రి డ్యూటీ,
బెల్టు మీద దొర్లే దుంపల్లో కుళ్లినవి ఏరే పని.
తాతయ్య ట్రాక్టరు గురించి రాశాడు,
పేజీన్నర, ఒక్క చుక్క లేకుండా.
పక్కన నేను పెట్టాను: "ఇది స్పష్టంగా లేదు."
మూడు మాటలు.
తరగతిలో అయితే వాటి వెనక
నా కనుబొమలుండేవి, బల్ల మీద ఆనిన మోచేయి ఉండేది,
"ట్రాక్టరు మాత్రం భలే ఉందిరా" అనే నవ్వుండేది.
అవేవీ తెర మీదికి ఎక్కలేదు.
మాటలొక్కటే చేరాయి, బెత్తం దెబ్బల్లా.
తొమ్మిది రోజులు ఆల్టన్ జాడ లేదు.

ఆ తొమ్మిది రోజులూ నేనో పనికిమాలిన పని చేశాను:
ఎవరు ఎప్పుడొచ్చారో చెప్పే పట్టీ చదివాను.
ఓడెట్ సీర్, పిల్లలు పడుకున్నాక, పదీ నలభైకి.
మెర్లీన్, లారీలో, పెట్రోలు బంకు వైఫై అందినంతసేపు.
ఆల్టన్, వ్యాసం తెరిచాడు, మూశాడు.
తెరిచాడు, మూశాడు. నాలుగు రాత్రులు.
నల్ల గడి వెనక ఒక మనిషి
గుమ్మం దాకా వచ్చి, తలుపు తట్టకుండా
తిరిగి వెళ్లడం అంకెల్లో చూశాను.

పదో రోజు టైపు చేయడం మాని మైకు నొక్కాను.
"ట్రాక్టరు స్టార్టవకపోయినా తాతయ్య దాన్ని
ఒక్క మాటా అనలేదని రాశావే,
అక్కడ ఆగిపోయాను నేను. అక్కడ నువ్వూ ఆగు.
ఒక చుక్క పెట్టు. మేం ఊపిరి పీల్చుకుంటాం."
మధ్యలో కెటిల్ కూసింది.
బయట మంచు తోసే బండి రోడ్డును గీరుకుంటూ పోయింది.
అక్కర్లేని చప్పుళ్లు కోసెయ్యడం ఎలాగో
వెండెల్ చెప్పే ఉంటాడు,
నేను మాయమైన ఆ మంగళవారం.
అలాగే పంపేశాను.

తెల్లారి చూస్తే, మూడూ పన్నెండుకి ఒక పేరా.
ఆరు చుక్కలు. ఒకటి తప్పుచోట.
కింద ఇంకో రెండు లైన్లు:
"మీ కెటిల్ విని నేనూ టీ పెట్టుకున్నాను, మిసెస్ థిబడో.
మీ రోడ్డు తోశారన్నమాట. మాది ఇంకా తొయ్యలేదు."

ఎర్ర గుర్తు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
తప్పుచోట పడ్డ ఆ చుక్కని
ఈ వారానికి అక్కడే ఉండనిచ్చాను.